పాత షాప్‌స్మిత్ మార్క్ 5కి 650 డాలర్లు పెట్టొచ్చా? వెళ్ళి ఏమేం చూడాలి?

#1 ఉలి_సుత్తి (డాలస్)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో షాప్‌స్మిత్ మార్క్ 5 (ఒకే మోటారుతో రంపం, లేత్, డ్రిల్ ప్రెస్, అడ్డంగా చిల్లులేసే బోరింగ్, సాండర్ ఐదుగా మారే చెక్కపని మెషీన్), మోడల్ 500 అని రాసి అమ్మకానికి పెట్టారు. 650 డాలర్లట. ఫొటోల్లో మెషీన్‌తో పాటు బల్ల, ఫెన్స్ (చెక్క ఆనించే పట్టీ), మైటర్ గేజ్ (బల్ల గాడిలో జరుగుతూ చెక్కని కోణంలో నెట్టేది), గుండ్రటి సాండింగ్ డిస్క్, డ్రిల్ చక్ కనిపిస్తున్నాయి. పనిచేస్తుందా అని అడిగితే "ప్లగ్ పెడితే తిరుగుతుంది" అన్నారు, అంతకు మించి వాళ్ళకేమీ తెలియదు.

గ్యారేజీలో గోడ వారగా 8 × 10 అడుగుల చోటు ఉంది. చేయాలనుకున్నవి పుస్తకాల అల్మరా, పీటలు, పూజా మందిరం. మందిరం స్తంభాలు లేత్ మీద తిప్పాలి. టేబుల్ సా, డ్రిల్ ప్రెస్, లేత్ విడివిడిగా కొంటే చోటూ చాలదు, డబ్బూ చాలదు. శనివారం అరగంట చూడనిస్తారు. ఏ వరసలో చూడమంటారు?

#2 పాతసామాను (ఒహాయో)

ముందు అది ఏ కాలందో తేల్చుకోండి. సగం ధర దాని మీదే ఉంటుంది.

షాప్‌స్మిత్‌ని మొదట తయారుచేసింది హాన్స్ గోల్డ్‌ష్మిట్. 1947లో 10ఇ అనే మోడల్ వచ్చింది, తర్వాత 10ఇఆర్. మార్క్ 5 మొదలైంది 1953లో, మాగ్నా కంపెనీ పేరుతో. 1960ల్లో తయారీ ఆగిపోయి, 1972లో ఇక్కడి డేటన్‌లో మళ్ళీ మొదలుపెట్టారు. హెడ్‌స్టాక్ (మోటార్, బెల్టులు ఉండే పెట్టె) మీద ఆకుపచ్చ రంగు ఉంటే అది మాగ్నా కాలందే. మిగతా రంగులు చూసి ఏదీ నిర్ణయించకండి, చాలామంది మళ్ళీ పెయింట్ వేసేస్తారు.

"500" అన్న మాటకి మరీ విలువ ఇవ్వకండి. పెద్ద బల్లతో 510 వచ్చాక, చిన్న బల్ల ఉన్న పాతవాటన్నిటినీ 500 అనడం అలవాటైంది. మీరు అడగాల్సిన అసలు ప్రశ్నలు మూడు:

మోటార్ ప్లేటు మీద ¾ హెచ్.పి. ఉందా, 1⅛ ఉందా? పాతవి ¾. తేడా రంపం దగ్గర బాగా తెలుస్తుంది.

లోపల డ్రైవ్ బెల్టు పళ్ళున్నదా, సన్న గాడులున్నదా? పళ్ళున్నది గిల్మర్ బెల్టు, స్పీడు పెంచితే కూతపెడుతుంది. గాడులున్నది పాలీ-వీ, దానికి ఆ కూత ఉండదు.

క్విల్‌లో (స్పిండిల్‌ని, అంటే తిరిగే ఇరుసుని, పట్టుకుని లోపలికీ బయటికీ జరిగే గొట్టంలో) ఒక బేరింగా, రెండా? 1980ల ముందువి దాదాపు అన్నీ ఒక్క బేరింగువే. డ్రిల్లింగుకి అది చాలు. లేత్ మీద పక్కనుంచి ఒత్తిడి పడ్డప్పుడు రెండు బేరింగులది గట్టిగా నిలుస్తుంది.

#3 చిత్రిక (న్యూజెర్సీ)

అరగంట చాలు అన్నా, వరస తప్పకపోతే. వెంట తీసుకెళ్ళండి: 5/32 అంగుళాల అలెన్ కీ (ఈ మెషీన్‌కి సగం పనులు దీంతోనే), టార్చి, 24 అంగుళాల స్ట్రెయిట్ ఎడ్జ్, కాంబినేషన్ స్క్వేర్, అర అంగుళం మందం ఉన్న నిటారు స్టీలు కడ్డీ ఒకటి, ఒక నికెల్ నాణెం.

కరెంటు పెట్టకముందే ఇవి చూడాలి.

వే ట్యూబులు: హెడ్‌స్టాక్, క్యారేజ్ (బల్లని మోసే భాగం) జారే రెండు పొడుగు గొట్టాలు. రెండింటి లాకులూ వదిలి, హెడ్‌స్టాక్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి నెట్టండి. ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులైతే గొట్టం సొట్ట పడిందనో, తుప్పు పొర లేచిందనో అర్థం. పైపైన ఎర్రగా ఉన్న తుప్పు పరవాలేదు, సన్నటి స్టీల్ ఉన్నితో రుద్ది పేస్ట్ వ్యాక్స్ పూస్తే పోతుంది. గోటికి తగిలేంత గుంతలుంటే ధర తగ్గించమనండి. గొట్టాలకి నూనె మాత్రం రాయకూడదు. పొట్టు అంటుకుని ముద్దవుతుంది, పైగా లాకు జారుతుంది.

లాకులు: హెడ్‌స్టాక్‌కీ క్యారేజ్‌కీ లోపల రెండేసి వెడ్జిలు గొట్టాలను ఒత్తి పట్టుకుంటాయి. లివర్ బిగించి హెడ్‌స్టాక్‌ని రెండు చేతులతో గట్టిగా తొయ్యండి. కదిలిందంటే ఆ మెషీన్‌ని గొట్టాలతో సహా నిటారుగా ఎత్తి డ్రిల్ ప్రెస్‌గా నిలబెట్టకూడదు. నిలబెట్టినప్పుడు ఆ బరువంతా ఈ లాకుల మీదే వేలాడుతుంది. వేళ్ళు నలిగేది ఇక్కడే. గొట్టాలు ఎత్తేముందు హెడ్‌స్టాక్, క్యారేజ్ రెండూ లాక్ అయ్యాయా అని చేత్తో తోసి చూడటం ఎప్పటికీ మానకూడని అలవాటు.

క్విల్: హ్యాండిల్ తిప్పి పూర్తిగా బయటికి లాగండి, సుమారు 4 అంగుళాలు వస్తుంది. మెల్లగా వదిలితే తనంతట తను లోపలికి పోవాలి. మధ్యలో వేలాడిందంటే రిటర్న్ స్ప్రింగ్ టెన్షన్ పోయినట్టు. అది మళ్ళీ బిగించుకోవచ్చు, పెద్ద సంగతి కాదు. బయటికి లాగి ఉంచి స్పిండిల్‌ని అటూ ఇటూ ఊపండి. క్విల్ లాక్ బిగించాక కూడా టకటకమంటే బేరింగు పోయింది. స్పిండిల్‌ని చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలినా అంతే.

స్పిండిల్ ⅝ అంగుళం మందం, ఒక పక్కన చదును చేసి ఉంటుంది. ఆ చదును మీద గీతలు, పైకి లేచిన అంచులు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి.

తీగ: రబ్బరు పగిలి ఉన్నా, ప్లగ్‌కి రెండే పిన్నులున్నా మార్చే వరకు వాడొద్దు. పాతకాలపు లోహపు హెడ్‌స్టాక్‌కి ఎర్తింగ్ లేకపోవడం సరదా విషయం కాదు.

ఇక కరెంటు. డయల్ "స్లో" దగ్గర ఉందని చూసుకున్నాకే స్విచ్ వెయ్యండి. నిదానంగా, మెషీన్ తిరుగుతుండగానే, స్లో నుంచి ఫాస్ట్ దాకా తీసుకెళ్ళి మళ్ళీ స్లోకి తేండి. వేగం మెట్లు మెట్లుగా కాకుండా ఒకే తీరున పెరగాలి. మధ్యలో నికెల్ నాణేన్ని బల్ల మీద అంచు మీద నిలబెట్టండి. ఒక మోస్తరు వేగంలో నిలబడితే బెల్టులు, పుల్లీలు బాగున్నట్టే. ఫాస్ట్‌లో పడిపోయినా దిగులుపడకండి, నేల ఎగుడుదిగుడున్నా పడిపోతుంది.

శబ్దం ఎక్కువగా ఉంటే క్విల్ బయటికి తీసేసి మళ్ళీ నడపమనండి. శబ్దం పోతే తప్పు క్విల్ బేరింగుది. అలాగే ఉంటే బెల్టులదో, ఐడ్లర్ షాఫ్టుదో (మోటారుకీ స్పిండిల్‌కీ మధ్య ఉండే ఇరుసు). అమ్మేవాళ్ళు ఒప్పుకోరు సాధారణంగా, అడగడంలో తప్పులేదు. ఒప్పుకుంటే తీసేటప్పుడు స్ప్రింగ్ ఒక్కసారిగా విప్పుకుంటుంది, హ్యాండిల్ గట్టిగా పట్టుకోండి.

చివరగా ఆ అర అంగుళం కడ్డీని చక్‌కి బిగించి స్లోలో తిప్పండి. కడ్డీ చివర కంటికి కనిపించేలా తడబడితే తప్పు చక్‌దా స్పిండిల్‌దా అన్నది తేలాలి. చక్ కూడా తీసేసి స్పిండిల్ కొసనే చూడండి. అది స్థిరంగా ఉంటే చక్ మార్చుకుంటే సరి.

#4 ఉలి_సుత్తి (డాలస్)

చాలా థాంక్స్ చిత్రిక గారూ. ఇప్పుడే అమ్మేవాళ్ళు ఇంకో మాట చెప్పారు. డయల్ స్లో దాటి తిరగడం లేదట. "కొంచెం బలంగా తిప్పితే వస్తుందేమో" అంటున్నారు. ఇది వదిలేయాల్సిన లక్షణమా?

#5 రంపంపొట్టు (హ్యూస్టన్)

వదిలేయక్కర్లేదు, కానీ బలంగా తిప్పొద్దని వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.

లోపల జరిగేది ఇది. మోటార్ షాఫ్టు మీద రెండు అరపుల్లీలు, పైన ఐడ్లర్ షాఫ్టు మీద ఇంకో జత. ఒక జతలో ఒకటి డయల్ తిప్పితే జరుగుతుంది, రెండో జతలో ఒకటి స్ప్రింగు ఒత్తిడితో ఉంటుంది. డయల్‌ని ఫాస్ట్ వైపు తిప్పితే మోటార్ దగ్గరి పుల్లీ మూసుకుని బెల్టు పైఅంచుకి ఎక్కుతుంది, పైన పుల్లీ తెరుచుకుని బెల్టు లోతుకి దిగుతుంది. వేగం మారేది ఇలా. ఐడ్లర్ నుంచి రెండో బెల్టు స్పిండిల్‌ని తిప్పుతుంది.

మెషీన్ ఆగి ఉండగా డయల్ తిప్పితే? బెల్టు పాకలేదు. డయల్ వెనకున్న వర్మ్ (మరలాంటి గేరు), దాని పళ్ళచట్రం మొత్తం బలం తీసుకుంటాయి. అవే అరుగుతాయి, విరుగుతాయి. ఎవరో ఆగిన మెషీన్ మీద డయల్ తిప్పి, అది రాలేదని పీకి ఉంటే ఆ పళ్ళే పోయి ఉండొచ్చు. ఇది మొదటి అవకాశం.

రెండోది, ఎక్కువగా జరిగేది: ఏళ్ళ తరబడి వాడక కదిలే పుల్లీ షాఫ్టుకి అంటుకుపోవడం. పొట్టు, ఎండిన నూనె కలిసి బంకలా తయారవుతాయి. ఇలా అయితే కవర్ తీసి, బ్రష్‌తో పొట్టు ఊడ్చి, షాఫ్టు మీద పుల్లీ జారే చోట పల్చటి మోటార్ ఆయిల్ రెండు మూడు చుక్కలు వేసి, స్లోలోనే ఓ ఐదు నిమిషాలు తిప్పి, తర్వాత డయల్‌ని కొద్దికొద్దిగా ముందుకీ వెనక్కీ ఆడిస్తే వదులుతుంది. గ్రీజు వద్దు. తుప్పు వదలగొట్టే స్ప్రేలు కొట్టి ఊరుకోవద్దు, అవి ఎండిపోయాక మళ్ళీ అదే కథ. నూనె బెల్టు మీద పడితే జారుతుంది, గుడ్డ అడ్డం పెట్టండి.

రెండింటికీ తేడా ఎలా తెలుస్తుందంటే, మెషీన్ నడుస్తుండగా రెండు వేళ్ళతో మాత్రమే డయల్ ముట్టుకోండి. రాయిలా ఉంటే పుల్లీ అంటుకుంది. డయల్ ఊరికే తిరిగిపోతూ వేగం మారకపోతే పళ్ళు పోయాయి. పుల్లీ అంటుకున్నదైతే ఉచితంగా బాగవుతుంది. పళ్ళు పోయినదానికి విడిభాగాలు కొనాలి, హెడ్‌స్టాక్ విప్పాలి, ధరలో కనీసం 150 తగ్గించమనండి.

#6 టేకుచెక్క (అట్లాంటా)

ఇదంతా సరే, ఎవరూ అసలు మాట అనడం లేదు. ఈ మెషీన్‌ని టేబుల్ సా అనుకుని కొనకండి.

బల్ల చిన్నది. ముప్పావు అంగుళం ప్లైవుడ్ 4 × 8 షీటు 60 పౌన్ల పైనే ఉంటుంది, ఈ బల్ల మీద అది నిలవదు. రంపం పైకీ కిందికీ పోదు, బల్లే ఎక్కాలి దిగాలి. అసలే మామూలు రంపపు బల్ల కంటే ఎత్తు. ఏటవాలు కోతకి బ్లేడు వంగదు, బల్ల వంగుతుంది. అప్పుడు ఫెన్స్ పల్లం వైపే పెట్టాలి, ఎగువ వైపు పెడితే చెక్క జారి బ్లేడు మీదికే పోతుంది. పాత 500 ఫెన్స్ ఒక పక్కనే సరిగా పట్టుకుంటుంది, కొస వదులు. ఫెన్స్ కొస బ్లేడు వైపుకి మొగ్గితే చెక్క నలిగి వెనక్కి తన్నుతుంది. వీటికితోడు ఇన్నేళ్ళలో బ్లేడుని కప్పే గార్డు ఎక్కడో పారేసి ఉంటారు.

ఇంకోటి. బ్లేడు కొనడానికి షాపుకెళ్తే దొరికే 10 అంగుళాల బ్లేడుకి చిల్లు ⅝. షాప్‌స్మిత్ ఆర్బర్‌కి (బ్లేడుని స్పిండిల్‌కి బిగించే ముక్క) కావాల్సింది 1¼. ⅝ ఆర్బర్ వేరే కొనుక్కోవాలి, లేదా 1¼ చిల్లు ఉన్న బ్లేడే వెతకాలి. చిల్లు పెద్దది చేయించుకుందాం అనే ఆలోచనే వద్దు, నడిమధ్యకి రాకపోతే ప్రతి తిరుగుడుకీ ఊగుతుంది.

#7 చిత్రిక (న్యూజెర్సీ)

టేకుచెక్క గారూ, 4 × 8 షీటుని ఏ గ్యారేజీలోనూ ఒంటరిగా టేబుల్ సా మీద కోయకూడదు. నేల మీద ఫోమ్ బోర్డు పరిచి, స్ట్రెయిట్ ఎడ్జ్ బిగించి, చేతి సర్క్యులర్ సాతో ముక్కలు చేసి, ఆ ముక్కల అంచులు మాత్రమే దీని మీద సరిచేసుకుంటే అల్మరా వచ్చేస్తుంది. 14 అంగుళాల వెడల్పు అరలకి ఈ బల్ల సరిపోతుంది. ఫెన్స్ సంగతి మాత్రం మీరన్నది నిజమే.

దీనికి ఉన్న ఒక మంచి గుణం ఎవరూ చెప్పరు. రంపంగా వాడేటప్పుడు క్విల్‌ని వెంట్రుకవాసి బయటికి లాగి లాక్ చేస్తే బ్లేడే పక్కకి జరుగుతుంది. గాడి వెడల్పు సరిపోలేదనుకోండి, ఫెన్స్ ముట్టుకోకుండా క్విల్ జరిపి రెండో కోత వేస్తే కొలత తప్పదు. మామూలు టేబుల్ సాకి ఈ సౌకర్యం లేదు. కోత మొదలుపెట్టేముందు క్విల్ లాక్ బిగిందా అన్నది మాత్రం ప్రతిసారీ చూసుకోవాల్సిందే.

అయినా ఈ మెషీన్ ఎందుకు కొనాలి అంటే హారిజాంటల్ బోరింగ్ కోసం. మూడడుగుల పలక కొసలో డోవెల్ చిల్లు వేయాలంటే డ్రిల్ ప్రెస్ కింద నిలబెట్టలేం. ఇందులో చెక్కని బల్ల మీద పడుకోబెట్టి, ఫెన్స్‌కి ఆనించి, క్విల్ డెప్త్ స్టాప్ పెట్టి తోస్తే అన్ని చిల్లులూ ఒకే లోతు, ఒకే ఎత్తు. మందిరం మూలలకి, అల్మరా అరలకి ఇదే అక్కరకొస్తుంది. తర్వాత డిస్క్ సాండర్, డ్రిల్ ప్రెస్. ఆ తర్వాత లేత్. రంపం ఆఖరున.

#8 రంపంపొట్టు (హ్యూస్టన్)

వేగం లెక్కలు ఒకసారి రాస్తా, కొత్తవాళ్ళు పొరపాటు చేసేది వీటిలోనే. 1⅛ హెచ్.పి. వాటిలో వేగం 700 నుంచి 5200 ఆర్‌పీఎం.

10 అంగుళాల బ్లేడుకి సుమారు 3500. ఫాస్ట్‌లో పెడితే బాగా కోస్తుందనుకుంటారు. వేగం పెరిగితే టార్క్ తగ్గుతుంది, గట్టి చెక్కలో బ్లేడు ఆగిపోతుంది.

12 అంగుళాల డిస్క్‌కి 1750 దాటొద్దు. అప్పటికే అంచు దగ్గర నిమిషానికి 5,500 అడుగుల వేగం. 5200 పెడితే అది 16,000 దాటుతుంది. చెక్క నల్లగా మాడుతుంది, కాగితం జిగురు కరిగి ఊడి మీదకొస్తుంది.

రౌటర్ బిట్లకి 5200 చాలదు. రౌటర్ అవసరమైతే విడిగా కొనండి.

లేత్‌కి ఒక పాత లెక్క ఉంది: వ్యాసం అంగుళాల్లో × ఆర్‌పీఎం = 6,000 నుంచి 9,000 మధ్య. మీ మందిరం స్తంభం 2½ అంగుళాలు అనుకుంటే 2400-3600. ఇది గుండ్రంగా అయ్యాక. మూలలున్న కర్రని మొదట 1000 దగ్గర మొదలుపెట్టి గుండ్రం చేయాలి. 34 అంగుళాల పొడుగు పడుతుంది, 2 అడుగుల స్తంభానికి బోలెడంత.

గిన్నెల సంగతి వేరు. కాగితం మీద 16½ అంగుళాల వ్యాసం తిరుగుతుంది అంటారు. కనీస వేగం 700, 9,000 ÷ 700 అంటే సుమారు 12⅞. అంతకంటే పెద్ద పచ్చి మొద్దుని వేగం ఇంకా తగ్గించే స్పీడ్ రెడ్యూసర్ లేకుండా ఎక్కించడం ప్రమాదం.

లేత్ వాడకంలో ఇంకో తేడా. మామూలు లేత్‌లో టెయిల్‌స్టాక్ (కర్ర అవతలి కొసని పట్టే భాగం) చక్రం తిప్పి కర్రని బిగిస్తాం. ఇందులో టెయిల్‌స్టాక్ కదలదు, క్విల్‌ని బయటికి తోసి కర్రని నొక్కి క్విల్ లాక్ వెయ్యాలి. స్పిండిల్‌కి టేపరూ లేదు, మరలూ లేవు. లేత్ చక్ కొనాలంటే అడాప్టర్ తప్పదు.

#9 అంకుడుకర్ర (విశాఖపట్నం)

చర్చ చదువుతుంటే ఆశపుడుతోంది. మా బావగారు డిసెంబరులో అమెరికా నుంచి ఇల్లు మొత్తం షిఫ్ట్ చేస్తున్నారు, కంటైనర్‌లో చోటుంది. వాళ్ళ గ్యారేజీలో ఇదే మెషీన్ ఉంది, 1⅛ మోటార్. ఇక్కడ 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే నడుస్తుందా? ఏటికొప్పాక దగ్గర అంకుడు కర్ర దొరుకుతుంది, చిన్న చిన్న లక్క బొమ్మలు, డబ్బాలు తిప్పాలని.

#10 వైండింగ్_షాపు (హైదరాబాద్)

అన్నా, వోల్టేజీ ఒక్కటే చూస్తే మోటార్ కాలుతది. అసలు పరేషానీ ఫ్రీక్వెన్సీ తోటి. ఆ మోటార్ 60 హెర్ట్జ్‌ది, మన దగ్గర 50. ఇండక్షన్ మోటార్‌కి 115 వోల్టులు 60 దగ్గర ఇస్తే ఎంత అయస్కాంత బలం కోర్‌ల పుడ్తదో, అదే 115ని 50 దగ్గర ఇస్తే ఐదోవంతు ఎక్కువ పుడ్తది. కోర్ తట్టుకోదు, లోడ్ లేకున్నా కరెంటు ఎక్కువ గుంజుతది, వేడెక్కుతది. అందుకని వోల్టేజీ కూడా అదే పాళ్ళల్ల తగ్గాలె: 115 × 50 ÷ 60 అంటే 96. 110 ట్రాన్స్‌ఫార్మర్ కాదు, 95-100 ఇచ్చేది చేయించుకోవాలె. 2 కేవీఏ కన్నా తక్కువ తీసుకోకు, స్టార్టింగ్‌ల చాన గుంజుతది.

అట్ల చేసినా ఇంకో చిక్కు. 3450 తిరిగే మోటార్ ఇక్కడ 2875 తిరుగుతది. లోపల స్టార్టింగ్ వైండింగ్‌ని తెంపే సెంట్రిఫ్యూగల్ స్విచ్ ఉంటది, 60 హెర్ట్జ్ లెక్కన 2700 దగ్గర తెరుచుకునేట్టు పెట్టి ఉంటే ఇక్కడ ఆ వేగం అందుకునేందుకే ఆయాసపడ్తది. లోడ్ మీద స్టార్ట్ చేసినవనుకో, స్విచ్ తెరుచుకోదు, స్టార్టింగ్ వైండింగ్, కెపాసిటర్ రెండూ పోతయి. కాబట్టి ఎప్పుడూ డయల్ స్లోల పెట్టి, కర్ర ఎక్కించకుండ స్టార్ట్ చేయాలె. "టక్" మని స్విచ్ తెరుచుకున్న చప్పుడు రెండు సెకన్లల్ల రాకపోతే ఆపేసేయ్.

వేగం కూడా 700-5200 బదులు 580-4330 అయితది. నీకు లేత్ పని కాబట్టి తక్కువ వేగం లాభమే.

రంధా పని కోసమైతే మాత్రం ఇది తెచ్చుకోకు. మన దగ్గర వడ్రంగి షాపుల్ల ఉండే మల్టీపర్పస్ మిషన్ అసలు రంధా మిషనే, పోత ఇనుము బెడ్, అదే షాఫ్టుకి పక్కన రంపం. షాప్‌స్మిత్‌కి రంధా పనికి 4 అంగుళాల జాయింటర్ (చెక్క అంచు చదును చేసేది) విడిగా కొనుక్కోవాలె. రెండింటి పని వేరు. పాత రంధా మిషన్ ఏదన్న చూస్తే కట్టర్ బ్లాక్ గుండ్రంగ ఉన్నదా నాలుగు పలకలుగ ఉన్నదా చూడు. నాలుగు పలకలదైతే ఎంత సస్తాకిచ్చినా వద్దు, బ్లాక్‌కీ బెడ్‌కీ మధ్య సందు పెద్దగుంటది, వేలు పోతే బయటికి రాదు.

#11 అంకుడుకర్ర (విశాఖపట్నం)

అర్థమైందండీ. లేత్ కోసమే, స్లోలోనే స్టార్ట్ చేస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ 100 వోల్టులకి చుట్టించమని చెప్తాను.

#12 వైండింగ్_షాపు (హైదరాబాద్)

ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాదు, డబుల్ వైండింగ్‌ది. మెషీన్ బాడీకి ఎర్తింగ్ వేరేగ లాగు.

#13 ఉలి_సుత్తి (డాలస్)

చూసొచ్చాను. ఇవీ వివరాలు:

మోటార్ 1⅛. తీగ మూడు పిన్నులది, బాగుంది. బెల్టు పాలీ-వీ. క్విల్ బేరింగ్ ఒకటా రెండా తెలియలేదు, ఊపితే కదలిక లేదు, చేత్తో తిప్పితే నునుపుగా ఉంది. డయల్ రాయిలా ఉంది. రంపంపొట్టు గారు చెప్పినట్టు కవర్ తీసి చూస్తే పొట్టు కూరి ఉంది. వాళ్ళ దగ్గరున్న కుట్టుమిషన్ ఆయిల్ వేసి ఆడిస్తే సగం దాకా కదిలింది, వేగం మారింది. అంటే పళ్ళు బాగానే ఉన్నట్టేగా?

వే ట్యూబుల్లో ఒకదానికి చేతివెడల్పు మేర తుప్పు గుంతలు, కుడి చివర. హెడ్‌స్టాక్ లాక్ గట్టిగా ఉంది. బల్ల చదునుగానే ఉంది, కానీ మైటర్ గాడికీ బ్లేడుకీ ముందూ వెనకా 1/32 అంగుళం తేడా. గార్డు లేదు, టెయిల్‌స్టాక్ లేదు, టూల్ రెస్ట్ (లేత్ మీద ఉలి ఆనించేది) లేదు. డిస్క్ స్పిండిల్‌కి ఇరుక్కుపోయింది, అలెన్ స్క్రూ వదులు చేసినా రాలేదు.

#14 పాతసామాను (ఒహాయో)

హెడ్‌స్టాక్ బాగుంటే మెషీన్ బాగున్నట్టే. మిగతావన్నీ బోల్టులతో కూడుకున్నవి. కుడి చివరి గుంతల గురించి ఆలోచించకండి, రంపం పనిలో క్యారేజ్ అంత దూరం వెళ్ళదు. లేత్‌కి మాత్రం టూల్ రెస్ట్ అటు జరపాల్సి వస్తుంది, అక్కడ కొంచెం గరుకుగా జారుతుంది.

టెయిల్‌స్టాక్, టూల్ రెస్ట్, గార్డు వాడినవి ఈబేలో దొరుకుతాయి, మూడూ కలిపితే 200 పైమాటే. అవి లేకుండా మీకు లేత్ లేదు, రంపం వాడకూడదు. అంటే ఐదు మెషీన్లని చెప్పి మూడు అమ్ముతున్నారు. 350 అనండి, 400 దాటకండి. గ్యారేజీ మూలల్లో, డ్రాయర్లలో టెయిల్‌స్టాక్ పడి ఉంటుందేమో వెతకమని కూడా అడగండి. ఎస్టేట్ సేల్స్‌లో చిన్న భాగాలు "ఇనప సామాను" పెట్టెలో రెండు డాలర్లకి అమ్ముడుపోతుంటాయి.

బరువు 200 పౌన్లు ఉంటుంది. తెచ్చేటప్పుడు హెడ్‌స్టాక్, బల్ల విడదీసి తెండి.

#15 టేకుచెక్క (అట్లాంటా)

350 న్యాయమే. గార్డు వచ్చేవరకు ఆర్బర్ పెట్టెలోంచి బయటికి తీయకండి.

#16 చిత్రిక (న్యూజెర్సీ)

డయల్ సగం కదిలి వేగం మారిందంటే పళ్ళు ఉన్నాయి. మిగతా సగం ఇంటికి తెచ్చాక తీరిగ్గా వదిలించండి, తొందరపడి ఆ చివరికి లాగకండి.

1/32 తేడా పెద్ద జబ్బు కాదు, ఈ మెషీన్లని ఒకచోటి నుంచి ఒకచోటికి మోస్తే అది వస్తుంది. సరిచేసే వరస ముఖ్యం. ఈ వరసలో ఒకటి తప్పినా తర్వాతవన్నీ తప్పుతాయి.

మొదట బల్లని బ్లేడుకి 90 డిగ్రీలకి తెచ్చి స్టాప్ స్క్రూ బిగించండి. తర్వాత గాడి. మెషీన్ ప్లగ్ పీకేసి, బ్లేడు మీద ఒక పన్నుకి మార్కర్‌తో గుర్తుపెట్టండి. ఆ పన్నుని ముందుకి తెచ్చి గాడి అంచు నుంచి కాంబినేషన్ స్క్వేర్‌తో ఆనించి కొలవండి. బ్లేడుని చేత్తో తిప్పి అదే పన్నుని వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ కొలవండి. వేరే పన్ను కొలిస్తే బ్లేడు వంకర కూడా లెక్కలో కలుస్తుంది. బల్ల కింద ట్రనియన్ (బల్లని మోస్తూ వంచే భాగం) బోల్టుల్లో ఒక్కటి తప్ప మిగతావి కొద్దిగా వదులు చేసి, ఆ ఒక్కదాని చుట్టూ బల్లని రబ్బరు సుత్తితో తట్టండి. 0.005 అంగుళం లోపుకి వస్తే చాలు. బోల్టులు ఒకేసారి బిగించకండి, కొంచెం కొంచెంగా ఐమూలగా బిగించండి, లేకపోతే బిగింపుతోనే మళ్ళీ పక్కకి పోతుంది. బిగించాక ఇంకోసారి కొలవాలి.

ఫెన్స్ గాడికి సమాంతరం. వెనక కొస బ్లేడుకి 1/64 దూరంగా ఉన్నా మంచిదే, దగ్గరికి మాత్రం రాకూడదు. మైటర్ గేజ్ చివరగా.

#17 ఉలి_సుత్తి (డాలస్)

375కి ఇచ్చారు. డ్రాయర్‌లో టూల్ రెస్ట్ దొరికింది, టెయిల్‌స్టాక్ లేదు. డిస్క్ మాత్రం ఇంకా రావడం లేదు. సుత్తితో కొట్టొచ్చా?

#18 రంపంపొట్టు (హ్యూస్టన్)

కొట్టొద్దు, క్విల్ బేరింగు పోతుంది. డిస్క్ అల్యూమినియం, ఏ మూల తగిలినా వంగుతుంది.

అలెన్ స్క్రూని చదును మీద కాకుండా గుండ్రటి పక్కన బిగించి ఉంటారు. స్క్రూ కొస స్పిండిల్‌లోకి దిగి, చుట్టూ లోహం అంచులా లేచింది. ఆ అంచు డిస్క్ మెడని పట్టుకుంది. స్క్రూ పూర్తిగా బయటికి తీసేసి, ఆ చిల్లులోంచి పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున హెయిర్ డ్రయ్యర్‌తో డిస్క్ మెడ దగ్గర వేడిచేయండి, అల్యూమినియం స్టీలు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. క్విల్ లాక్ చేసి, డిస్క్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ మీ వైపుకి లాగండి. బయటికి లాగడం కంటే తిప్పడం మీద బలం పెట్టండి.

వచ్చాక స్పిండిల్ మీద లేచిన అంచుని సన్న ఆకురాయితో చదును చేయండి, అది మాత్రమే, చుట్టూ రుద్దకండి. ఇకముందు ఏది ఎక్కించినా ముందు స్పిండిల్‌ని చదును పైకొచ్చేలా తిప్పి, స్క్రూ దాని ఎదురుగా పెట్టి బిగించండి. బిగించాక చేత్తో అటూ ఇటూ తిప్పితే కొంచెం కూడా ఆడకూడదు.